బుడగ ఫోటో వేశారు సరే, ఎలా ఉందో ఎవరు చెప్తారండీ?

ఆదివారం అనుబంధం చూసే ఎడిటర్ గారికి నమస్కారమండీ.

పోయిన నెల మీ పాఠకుల ఫోటోల పేజీలో కింద ఎడమ పక్కన సబ్బు బుడగ ఫోటో ఒకటి వేశారు, గుర్తుందో లేదో, గాల్లో తేలుతున్న బుడగ, వెనకాల అంతా నలుపు, బుడగ లోపల రెండు చోట్ల గులాబీ ఆకుపచ్చ కలిసి సుడి తిరుగుతూ ఉంటాయి, అది నాదేనండి. కింద 'రంగుల బుడగ' అని రెండు మాటలు రాసారు. మా అత్తగారు ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించారు, మా ఆయన ఆఫీసుకి పేపర్ పట్టుకెళ్ళి నలుగురికీ చూపించి సాయంత్రం పకోడీలు తెచ్చారు, నేనూ రెండ్రోజులు నేల మీద నడవలేదు అబద్ధం ఎందుకు. మీకు థాంక్స్ చెప్పాల్సిందే, చెప్తున్నా. కానీ ఈ ఉత్తరం థాంక్స్ కోసం కాదండి, ఒక కంప్లైంట్ లాంటిది, కంప్లైంట్ కూడా కాదేమో, చదివి మీరే పేరు పెట్టండి. కొంచెం పెద్దదైంది, కత్తిరించి వేసుకున్నా పర్లేదు కానీ ఒక్కసారి మొత్తం చదవండి.

ఆ ఫోటోలో తప్పుంది. చిన్నది కాదు, ఫోటో మధ్యలోనే ఉంది. మీ డెస్కులో ఎవరికీ కనపడలేదా, కనపడినా పోనీలే పాపం ఆడమనిషి పంపింది అనుకున్నారా నాకు తెలీదు, నాకైతే ఎవరూ చెప్పలేదు. ఫోటో తీశాక ఆ తప్పేంటో నాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, అదీ మా వీధి చివర స్టూడియో బాబాయి గారి పుణ్యమా అని.

మాది రాజమండ్రి. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, ఫోటోగ్రఫీ ఎక్కడా నేర్చుకోలేదు. ఇదంతా మొదలైంది సింకు దగ్గర. మా వంటింటి కిటికీ తూర్పు వైపు, పొద్దున్న ఏడింటికి ఎండ నేరుగా సింకులో పడుతుంది, ఒకరోజు గిన్నెలు తోముతుంటే గరిటె గుంటలో నురగ పక్కన ఒక బుడగ నిలబడింది, అరచెయ్యంత, దాని మీద రంగులు నూనె మరక లాగా జారుతున్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదండీ, మా ఊళ్ళో అడవి ఆముదం కాడ విరిస్తే పాలొస్తాయి, గడ్డిపరక ముడేసి ఆ పాలలో ముంచి ఊదితే బుడగలు బుడగలు వచ్చేవి, పాలు కంట్లో పడితే అంతే సంగతులు అని మా అమ్మ వెనకాలే తిట్లు, అయినా ఊదేవాళ్ళం. కానీ ఎప్పుడూ ఆగి చూడలేదు. ఆరోజు చెయ్యి తుడుచుకుని ఫోన్ తెచ్చేలోపు పేలిపోయింది. ఆ తర్వాత రోజూ ఏడింటికి అదే పని. గిన్నెలు తోముతూ ఫోటోలేంటే అని మా ఆయన, నురగకి కూడా ఫోటోలా అని మా అత్తగారు. సంక్రాంతికి మా తమ్ముడు పాత కెమెరా ఒకటి, దగ్గర నుంచి తీసే లెన్సుతో సహా, నువ్వే వాడుకో అక్కా అని ఇచ్చేసి వెళ్ళాడు, ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు.

తీసినవి ఎవరికి చూపించాలండీ మరి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఆడపడుచు సూపర్ వదినా, తోడికోడలు రెండు చేతుల దండాలు, మరిది బొటనవేలు, పెదమామగారు అయితే రోజూ పంపే గులాబీపువ్వు గుడ్ మార్నింగే మళ్ళీ పంపారు, ఫోటో చూశారో లేదో కూడా తెలీదు. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఒక్కడే వేరే మాట రాశాడు, "ఏఐ తో చేశావా అక్కా?" అని. వాడు మెచ్చుకున్నాడనుకోవాలో, నమ్మట్లేదనుకోవాలో అర్థం కాక ఆ రాత్రంతా నిద్ర లేదు నాకు. నలభై బుడగలు పేల్చుకుంటే ఒక ఫోటో వస్తుంది, గ్లిజరిన్ జిగటకి చేతికి గాజులు అతుక్కుపోయి ఉంటాయి, నేలంతా జారుడు, ఇంత చేస్తే ఏఐ యా అంటాడు.

తర్వాత ఒక పోటీకి పంపాను, ఎవరిదో ఎందుకులెండి. ఎంట్రీ ఫీజు కట్టి నాలుగు ఫోటోలు పంపితే నెలన్నర తర్వాత మెయిల్ వచ్చింది, ఒక్కో ఫోటోకి ఎదురుగా ఒక అంకె, పక్కన 'నాట్ యాక్సెప్టెడ్'. అంతే. నాలుగింటికీ అంతే. ఒకదానికి మిగతావాటి కన్నా ఒక్క మార్కు ఎక్కువ వచ్చింది, ఆ ఒక్క మార్కు ఎందుకొచ్చిందా అని నాలుగూ పక్కపక్కన పెట్టుకుని వారం రోజులు చూసుకున్నాను. పదో తరగతి పిల్లల పేపర్లు దిద్దేవాళ్ళు కూడా ఎక్కడ మార్కు పోయిందో ఎర్ర ఇంకుతో గీత పెడతారు కదండీ. ఆ గీత లేనప్పుడు అంకె ఏం చేసుకోను?

ఇప్పుడు బాబాయి గారి సంగతి. ఆయనకి డెబ్భై దాటాయి, ఆ రోజుల్లో రీలు కెమెరాతో ఈ చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళు ఆయనే తీశారు, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, ఈయన ఊరికే కౌంటర్ పక్కన కుర్చీలో కూర్చుంటారు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు దిగడానికి వెళ్ళి మాటల్లో బుడగలు గురించి చెప్తే ఫోన్లో వద్దమ్మాయ్, ప్రింటు వేయించి తీసుకురా అన్నారు. తీసుకెళ్ళాను, మీరు వేసిన ఆ ఫోటోనే. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని భూతద్దం పెట్టి చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట లేదు. లోపలికి ఎవరో వచ్చారు, జిరాక్సులు తీయించుకుని వెళ్ళిపోయారు, ఈయన ఇంకా చూస్తూనే ఉన్నారు. నాకు చెమటలు. చివరికి అడిగారు, "మీ ఇంట్లో ఆ గోడకి రెండు కిటికీలా?"

ఒకటే బాబాయ్ గారూ అన్నాను.

"మరిక్కడ రెండున్నాయేంటి. ఇంకోటి, పైన కిటికీ సరిగ్గా ఉంది, కింద కిటికీ తల్లకిందులుగా ఉంది. రెండింట్లోనూ నీ తలకాయ ఉంది చూసుకో."

చూశానండి. నాలుగు నెలలు నేను రంగులు అనుకున్న ఆ రెండు మరకలు మా వంటింటి కిటికీలు. వంకర తిరిగిన నల్ల గీతలు బుడగ డిజైన్ అనుకున్నాను, అవి గ్రిల్లు. మధ్యలో నల్లటి ముద్ద నా బుర్ర, కొప్పుతో సహా. ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్తే తొమ్మిదో తరగతి అండి అది, ఓస్ ఇంతేనా అని గరిటె పట్టుకొచ్చి చూపించింది, గరిటె వీపు వైపు ముఖం నిటారుగా కనపడుతుంది, గుంట వైపు తిరిగి కనపడుతుంది, బుడగకి ముందు గోడ గరిటె వీపు లాంటిది, వెనక గోడ లోపలి వైపు గరిటె గుంట లాంటిది, అందుకే ఒక కిటికీ నిటారు ఒకటి తిరగేసి. రోజూ చేతిలో పట్టుకునే గరిటె, సంగతి నాకు తట్టలేదు. అన్నట్టు దీని వల్ల ఒక మేలు జరిగింది, డాలస్ వాడికి ఆ రెండు కిటికీలూ నా కొప్పూ చుట్టూ ఎర్ర సున్నా గీసి పంపాను, ఏఐ కి మా వంటింటి గ్రిల్లు ఎలా తెలుస్తుందిరా అని. సారీ అక్కా అన్నాడు.

కానీ బాబాయి గారు అక్కడితో ఆగలేదు. ప్రింటుని తల్లకిందులుగా తిప్పి కౌంటర్ మీద పెట్టారు, ఇప్పుడు చూడు అన్నారు. చూస్తే ఏం తేడా లేదండి. పై కిటికీ కిందకొచ్చింది, కింద కిటికీ పైకొచ్చింది, అది నిటారు ఇది తిరగేసి, మళ్ళీ అదే ఫోటో! "తిప్పినా తెలియలేదంటే పైనేదో కిందేదో నీ ఫోటో చెప్పట్లేదన్నమాట. గోలీకాయకైనా ఇంతే. బుడగకి బరువుంటుంది కదమ్మా, ఏదీ బరువు?" అన్నారు.

ఆ మాటకి నాకు నిజంగా కోపం వచ్చింది, బుడగకి బరువేంటి అని. దారి పొడుగునా సణుక్కుంటూ వచ్చాను. రెండ్రోజులకి కోపం తగ్గాక అర్థమైంది.

ఇక్కడ కొంచెం బుడగ సంగతి చెప్పాలి, విసుక్కోకండి. బుడగ పొర అంటే అటూ ఇటూ సబ్బు, మధ్యలో నీళ్ళు. కదలకుండా ఉంచితే ఆ నీళ్ళు మెల్లగా కిందకి దిగిపోతూ ఉంటాయి, పైన పొర పల్చబడుతుంది, కింద మందంగా ఉంటుంది. రంగులన్నీ ఆ మందాన్ని బట్టే, సబ్బులో రంగేం ఉండదు. పొర బయటి వైపు తగిలి వచ్చే వెలుగూ అదే పొర లోపలి వైపు తగిలి వచ్చే వెలుగూ కలిసి ఒక్కో మందం దగ్గర ఒక్కో రంగు బలపడుతుంది, ఒక్కో రంగు చచ్చిపోతుంది. అందుకని బుడగ స్థిమితంగా ఉంటే రంగులు సుడులు తిరగవు, పట్టుచీర అంచుల్లాగా అడ్డంగా చారలు చారలుగా పేరుకుంటాయి, కిందకొచ్చే కొద్దీ చారలు సన్నబడి దగ్గర దగ్గరగా. బాబాయి గారు అడిగిన బరువు అదే. నేను ఫ్యాన్ కింద, మా అమ్మాయి ఊదుతుంటే తీస్తున్నాను, ఇక చారలెక్కడ నిలబడతాయి.

అప్పటినుంచి ఫ్యాన్ బంద్, తలుపులు బంద్. గాల్లో తేలే బుడగ వదిలేసి, తడిపిన స్టీలు పళ్ళెం మీద సగం బుడగ ఊదడం మొదలుపెట్టాను, బోర్లించిన గిన్నె ఆకారంలో. గాలి తగలకుండా హార్లిక్స్ సీసా బోర్లించి చూశాను, సీసా మీద ఇంకో రెండు కిటికీలు ప్రత్యక్షం, అది తీసేసి అట్టపెట్టెకి లోపల నల్ల జాకెట్టు గుడ్డ అంటించి, ముందు వైపు పైన వైపు కోసేసి అందులో పెట్టాను. గ్రిల్లు కనపడకుండా రెండు కుర్చీల మధ్య తెల్ల దుప్పటి పందిరిలా కట్టి వెలుగు దాని మీద నుంచి వచ్చేలా చేశాను, ఇది కూడా బాబాయి గారు చెప్పిందే, "వెలుగు ఎంత వెడల్పుంటే రంగు అంత వెడల్పు, ఫ్లాష్ కొట్టావంటే ఒక చుక్క తప్ప ఏం మిగలదు" అన్నారు. నిజమేనండి, బుడగ అద్దం లాంటిది, దానికి ఎదురుగా ఏముంటే అంత మేరే రంగు చూపిస్తుంది. నీళ్ళు కూడా మార్చాను, మా అపార్టుమెంటు బోరు నీళ్ళు ఉప్పన, సబ్బు విరిగిపోతుంది, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ళు డబ్బా కొంటే బుడగ మూడింతలు నిలబడింది. అందులో గిన్నెల లిక్విడ్, మెడికల్ షాపు గ్లిజరిన్ నాలుగు చెంచాలు, రాత్రి కలిపి పొద్దున్న దాకా కదపకుండా. రోహిణి కార్తెలో ఎంత చేసినా ఊదీ ఊదగానే టప్, గాలిలో తడి ఉండదు కదా. వాన పడి వెలిసిన పొద్దున్న గోదావరి మీదనుంచి చెమ్మగాలి కొడుతుంటే మాత్రం ఒక్కోటి రెండేసి నిమిషాలు.

ఫోకస్ గురించి కూడా ఒక మాట, ఇది నాలా తీసేవాళ్ళకి పనికొస్తుంది. కెమెరా దానంతటది ఫోకస్ పట్టుకుంటే కిటికీ అంచుని పట్టుకుంటుంది, ఎందుకంటే అక్కడ తెలుపు నలుపు గట్టిగా ఉంటాయి. కానీ కిటికీ నీడ ఉండేది బుడగ పొర మీద కాదండి, అద్దంలో మన ముఖం అద్దం వెనకాల ఉన్నట్టు, పొరకి కొంచెం లోపలగా ఉంటుంది. రంగులేమో పొర మీద. దగ్గర నుంచి తీస్తే ఆ అంగుళం తేడాకే రంగులు మసకైపోతాయి. నా పాత ఫోటోలన్నింట్లో గ్రిల్లు బ్లేడులా షార్పుగా ఉంటుంది, రంగులు మాత్రం పాలలో కలిసినట్టు. ఇది చూసి బాబాయి గారు "ఏది తీద్దామనుకున్నావ్ అమ్మాయ్, కిటికీనా రంగునా?" అన్నారు. ఇప్పుడు ఆటో తీసేసి చేత్తోనే తిప్పుకుంటున్నాను, లెన్స్ కన్ను చిన్నది చేసి, అంటే ఎఫ్ 11 దగ్గర పెట్టి.

చారలు వచ్చేశాయి. ఎంత బాగా వచ్చాయంటే చెప్పలేను, పైన వెండి రంగు, కింద పసుపు, నారింజ, ఊదా, నీలం, మళ్ళీ పసుపు, మళ్ళీ గులాబీ, ఆకుపచ్చ. కానీ ఒక చికాకు, ఒకటిన్నర నిమిషం దాటేసరికి బుడగ నెత్తి మీద ఎవరో కోసేసినట్టు నల్లగా అయిపోయేది, అక్కడ బుడగే లేనట్టు వెనక గుడ్డ కనపడేది. దుప్పటి వెలుగు అక్కడికి అందట్లేదనుకున్నాను. దుప్పటి ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను, లాభం లేదు. సరే అని ఆ నల్ల ముక్క క్రాప్ చేసేసి గ్రూపులో పెట్టేదాన్ని. అందరూ సూపర్ సూపర్. అలా ఇరవై ఫోటోల దాకా నెత్తులు కోసేశానండి.

ఆపింది మా అమ్మాయి ఫిజికల్ సైన్స్ మాస్టారు. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు అది ముందే చెప్పి పెట్టింది కాబోలు, ఫోటోలు చూపించండమ్మా అన్నారు, చూసి పైన కోసేశారా అన్నారు. అవునండి నల్లగా వస్తోంది అన్నాను. ఆయన నెత్తి కొట్టుకున్నంత పని చేశారు. "అయ్యో, అదే కదమ్మా అసలు సంగతి!"

ఆ నలుపు చీకటి కాదట. అక్కడ పొర ఇంకా ఉంది, కానీ ఎంత పల్చగా అంటే పొర బయటి వైపు వెలుగూ లోపలి వైపు వెలుగూ ఒకదాన్నొకటి పూర్తిగా చంపేసుకునేంత పల్చగా. బయటి వైపు తగిలి వచ్చే వెలుగు అల తిరగబడి వస్తుందట, లోపలి వైపుది తిరగబడదట, మధ్యలో దూరం దాదాపు సున్నా అయిపోయాక రెండూ సరిగ్గా ఎదురెదురుగా కలిసి ఏ రంగూ మిగలదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, వెంట్రుక మందం 70, 80 మైక్రాన్లు అనుకుంటే బుడగ పొర రంగులు కనపడేచోట ఒక మైక్రాన్ కన్నా తక్కువ, నల్లబడిన చోట ఆ ఒక్క మైక్రాన్‌లో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. దాని తర్వాత ఇక పేలడమే. లండన్ రాయల్ సొసైటీలో రాబర్ట్ హుక్ అనే ఆయన 1672 లోనే ఈ నల్ల మచ్చల గురించి చెప్పాడట, న్యూటన్ అయితే 1704 లో వేసిన వెలుగు పుస్తకంలో బుడగ ఊది గాలి తగలకుండా పైన గాజు పాత్ర బోర్లించి రంగులు ఒక్కోటి కిందకి జారడం, నెత్తి మీద నల్లచుక్క పుట్టి పెద్దదవడం వరసగా రాసుకున్నాడట. గాజు పాత్ర అనగానే నాకు మా హార్లిక్స్ సీసా గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆయనకీ కిటికీలు కనపడే ఉంటాయి. మొత్తానికి మూడొందల ఏళ్ళ నుంచి వాళ్ళంతా కళ్ళు విప్పుకుని చూసిన ముక్కని నేను కత్తెరేసి పారేస్తున్నానన్నమాట.

ఇప్పుడు నా గోడు ఏంటో అర్థమైందనుకుంటాను. నాకు దొరికినవి రెండే రెండు మాటలు, ఒకటి "తిప్పినా తెలియట్లేదు", రెండోది "ఎందుకు కోసేశారు". ఈ రెండు మాటలు నా ఫోటోని ఎక్కడినుంచి ఎక్కడికో తీసుకెళ్ళాయి. వందలకొద్దీ సూపర్‌లు ఏం చేశాయండీ? మరీ అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ సూపర్‌లు లేకపోతే నేను రెండో వారమే మానేసేదాన్నేమో. కానీ అవి టీ లాంటివి, పూట గడుస్తుంది, కడుపు నిండదు.

మనకి చెప్పడం చేతకాక కాదండి ఇది. మా ఇంట్లో పులస వండిన రోజు చూడాలి మీరు. మా అత్తగారు, మామగారు, మా ఆయన, చివరికి పక్కింటి వాళ్ళు కూడా ముక్క నోట్లో పెట్టగానే మొదలు, పులుపు ఒక పిసరు ముందుకొచ్చింది, బెండకాయ ముందే వేశావు, మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచాల్సింది, రేపటికి బాగుంటుందిలే. అందులో ఎవరికీ మొహమాటం లేదు, నాకూ కోపం రాదు, వచ్చినా మళ్ళీ వండేటప్పుడు ఆ మాటే గుర్తుపెట్టుకుంటాను. అదే మనుషులు, అదే నోరు, ఫోటో చూపిస్తే మాత్రం బొటనవేలు. కూర గురించి వాళ్ళకి తెలుసు, ఫోటో గురించి మనకేం తెలుసులే అనుకుంటారు. బాబాయి గారికి మాత్రం బుడగల గురించి ఏం తెలుసండీ? జన్మలో ఒక్క బుడగ ఫోటో తీయలేదాయన. చూసిందేదో చెప్పారు, అంతే. రెండు కిటికీలున్నాయేంటి అనడానికి సైన్సు అక్కర్లేదు, ఆగి చూస్తే చాలు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. ఆ పేజీలో వారానికి తొమ్మిది ఫోటోలు వేస్తున్నారు, ఎనిమిదే వెయ్యండి. ఆ తొమ్మిదో గడిలో, ఎనిమిదింట్లో ఏదో ఒక ఫోటో గురించి నాలుగు లైన్లు రాయించండి, ఎక్కడ బాగుంది ఎక్కడ తప్పింది, తీసినవాళ్ళు ఇంకోసారి ఏం చేసి చూడొచ్చు. మీ దగ్గర ఫోటోగ్రాఫర్లు ఉంటారు కదా, పొద్దున్న లేస్తే వాళ్ళ పనే అది. మొదట నా బుడగే తీసుకోండి నాకేం అభ్యంతరం లేదు, ఆల్రెడీ అచ్చయిపోయిన పరువే. జనం నొచ్చుకుంటారు, ఫోటోలు పంపడం మానేస్తారు అంటారేమో. కొందరు మానేస్తారు, నిజమే. అలాంటివాళ్ళకోసం ఫోటో వెనక 'అభిప్రాయం కావాలి' అని రాసినవాళ్ళవే తీసుకోండి, రాయనివాళ్ళవి మామూలుగా వేసెయ్యండి. ఆగస్టు 19 ఫోటోగ్రఫీ దినోత్సవం వస్తోంది, ఆరోజు మీరు ఎలాగూ రాజా దీన్ దయాళ్ గారి గురించి వ్యాసం వేస్తారు, నిజాం నవాబు దగ్గర ఫోటోలు తీశారు అని, వెయ్యండి, పక్కనే ఇది కూడా మొదలుపెట్టండి.

రాసేవాళ్ళకి కూడా ఒక మనవి. ఫోటోని అడ్డంగా నిలువుగా మూడేసి భాగాలు చేసి చూసే రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు, లైటింగ్ ఇంప్రూవ్ చేసుకోవాలి, ఇలాంటివి వద్దండి. అవి ఏ ఫోటో కింద రాసినా సరిపోతాయి, దగ్గు మందు లాగా. ఫోటోలో మీ కన్ను ముందు ఎక్కడికి వెళ్ళింది, ఎక్కడ ఆగింది, ఏది అర్థం కాలేదు, అది రాస్తే మాకు చాలు. మాది తప్పో మీది తప్పో మేం చూసుకుంటాం. మాస్టారు చెప్పిన ప్రతి మాటా కూడా నేను విన్నానని కాదు, నల్లబడిన బుడగ పక్కన స్కేలు పెట్టి తియ్యమన్నారు ఎంత పెద్దదయిందో కొలవడానికి, అది నేను పెట్టలేదు, నాది ల్యాబు రికార్డు కాదు కదండీ. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. పర్లేదు, మళ్ళీ మీటింగ్‌కి స్వీట్ పట్టుకెళ్తాను.

ఈ కవరులో కొత్త ఫోటో ఒకటి పెట్టాను. పోయిన బుధవారం వాన వెలిశాక తీసింది, పళ్ళెం మీద బుడగ, నెత్తి కోయలేదు. అచ్చు వెయ్యమని కాదు. పళ్ళెం అంచు కావాలనే ఫ్రేములో రాకుండా తీశాను, రంగుల చారలు, నలుపు, అంతే ఉన్నాయి. వెనక పెన్సిల్‌తో పైవైపుకి చిన్న బాణం గుర్తు వేశాను. ఆ బాణం చూడకుండా, కవరులోంచి ఎలా వస్తే అలా పట్టుకుని మీ ఆఫీసులో ఒకరిద్దరికి చూపించండి, చూడగానే సరిగ్గా తిప్పి పట్టుకున్నారో లేదో ఒక కార్డు ముక్క రాయండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
రాజమండ్రి